దేశం దాటే ఇల్లాలి కాగితాలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పెళ్లి అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేవి చీరలు, సారె, విందు, ఫోటోలు. పెళ్లయి దేశం దాటి వెళ్లే అమ్మాయికి వీటన్నిటితోపాటు మరొకటి కావాలి. అదే కాగితాల కట్ట. ఈవేళ ఆ కట్ట విప్పి చూద్దాం. అందుకు ఫిలిప్పీన్స్ దేశపు అమ్మాయిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకుని, మనీలా నుంచి భర్త దగ్గరికి ప్రయాణం కట్టిన అమ్మాయి అనుకోండి.

“ఫిలిప్పీన్స్ పిల్ల సంగతి మనకెందుకమ్మా?” అంటారేమో. రెండు కారణాలున్నాయి. అమెరికా పౌరసత్వం ఉన్న మన తెలుగు అబ్బాయిని చేసుకుని వెళ్లే అమ్మాయికీ, ఆ మనీలా అమ్మాయికీ అమెరికా చట్టం ఒక్కటే. అవే ఫారాలు, అవే గడువులు. జనన పత్రం ఇచ్చే ఆఫీసు మాత్రం వేరు. (ఉద్యోగపు వీసా మీద ఉన్న భర్త వెంట వెళ్లే దారి వేరు. అది మరోసారి చెప్పుకోవలసిన విషయం.) ఇక రెండో కారణం, ఈ దారిలో ఆ దేశపు ఆడవాళ్లు మనకంటే ఎంతో ముందు నడిచారు. వాళ్లకు తగిలిన ముళ్లు మనకు తెలిస్తే మంచిదే కదా!

1898లో స్పెయిన్ చేతిలోంచి ఫిలిప్పీన్స్ అమెరికా చేతిలోకి వెళ్లింది. 1934లో చేసిన చట్టంతో ఆ దేశం నుంచి వలస వచ్చేవారిని ఏడాదికి 50 మందికి పరిమితం చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945లో అమెరికా సైనికుల భార్యల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ తర్వాత నవవధువులు ఓడలెక్కడం మొదలైంది. క్లార్క్, సుబిక్ అనే చోట్ల ఉన్న పెద్ద అమెరికా సైనిక స్థావరాలు 1991, 92లలో మూతపడేదాకా ఇలాంటి పెళ్లిళ్లు సాగుతూనే వచ్చాయి. ఇప్పుడు సైనికులే కాదు, అన్ని వృత్తుల వారూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన ఫిలిప్పీన్స్ వారే స్వదేశానికి వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లడం కూడా మామూలే, మన అబ్బాయిలు సెలవు పెట్టి వచ్చి చేసుకుని వెళ్లినట్టే.

సరే, పెళ్లయింది. ఇక కాగితాల సంగతికి వద్దాం. ఇందులో మొదటి విశేషం ఏమిటంటే, భార్యను రప్పించుకోవడానికి అర్జీ పెట్టేది భర్త. దానికి ఐ-130 అని పేరు. ఆ కాగితంలో ఆయన అర్జీదారు, ఆమె లబ్ధిదారు. ఈ రెండు మాటలు కాస్త గుర్తుపెట్టుకోండి. రసీదులు, ఉత్తరాలు, గడువులు అన్నీ ముందుగా చేరేది ఆయన చేతికి. ఆయన మంచివాడైతే “అన్నీ నేను చూసుకుంటాలే” అంటాడు. ఆమె కూడా “ఆయనే చూసుకుంటారు” అని నిశ్చింతగా ఊరుకుంటుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఆయన మంచితనాన్ని శంకించమని నా ఉద్దేశం కాదు. ఆ అర్జీ ఆమె బతుకు గురించినది కనుక, దాని నకలు, రసీదు నంబరు మొదటి రోజు నుంచీ ఆమె దగ్గర కూడా ఉండాలి.

పెళ్లికి ముందే వెళ్లే దారి కూడా ఒకటుంది. కాబోయే భార్యకు కె-1 అనే వీసా ఇస్తారు. ఆ వీసా మీద వెళ్లిన అమ్మాయి 90 రోజుల లోపల ఆ అర్జీ పెట్టిన మనిషినే పెళ్లాడాలి. ఆ తర్వాత అక్కడే ఉండి శాశ్వత నివాసానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు తేలకముందే తల్లికి ఒంట్లో బాగాలేదని టిక్కెట్టు కొని బయల్దేరిందా, దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ముందుగా ప్రయాణపు అనుమతి పత్రం తీసుకుని మరీ కదలాలి. పెళ్లి చేసుకుని వీసాతో వెళ్లిన అమ్మాయికి ఈ ఇబ్బంది లేదు. విమానాశ్రయంలో ముద్ర పడిన క్షణం నుంచే ఆమె శాశ్వత నివాసి.

ఇప్పుడు అమ్మాయి తన దేశంలో పోగు చేసుకోవలసిన కాగితాలు చూద్దాం. జనన పత్రం, వివాహ పత్రం రెండూ ఫిలిప్పీన్ స్టాటిస్టిక్స్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చినవే కావాలి. ఊళ్లో మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం ఒక్కటే చాలదు. పుట్టినప్పుడు నమోదు చేయించక, బడిలో వేసేటప్పుడు చేయించిన వాళ్లు అక్కడా ఉన్నారు. అలాంటప్పుడు చర్చిలో బాప్టిజం పత్రం, బడి రికార్డు వంటివి తోడు చూపించాలి. మన అమ్మమ్మలు “వరదలొచ్చిన ఏడు పుట్టావు” అని చెప్పే పద్ధతి వీసా ఆఫీసులో పనికిరాదు కదా!

ఆ తర్వాత పేరు. ఫిలిప్పీన్స్‌లో పిల్లకు తన పేరు, తల్లి పుట్టింటి పేరు, తండ్రి ఇంటిపేరు – ఈ వరుసలో పెడతారు. పెళ్లయి భర్త ఇంటిపేరు పెట్టుకుంటే, తన పుట్టింటి పేరు మధ్యకు జరుగుతుంది. అమెరికా వారి ఫారంలో ఈ వరుస తెలియక ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. మన సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంటిపేరు ముందు వ్రాస్తాం, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం, పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్టులో మరోలా ఉంటుంది. కాబట్టి ఇది మనకూ పాఠమే. పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరుసలో, ప్రతి ఫారంలోనూ ఉండాలి. పుట్టింటి పేరు, వాడిన ఇతర పేర్లు అడిగిన చోట దాచకుండా వ్రాయాలి. అక్కడి ఎన్.బి.ఐ. అనే నేర పరిశోధక సంస్థ ఇచ్చే “ఈమె మీద కేసులు లేవు” అన్న పత్రంలో కూడా పెళ్లికి ముందు పేరు, తర్వాతి పేరు రెండూ ఉండాలి.

మరొక పత్రం ఉంది. ఈ వ్యక్తి పేరు మీద ఎన్ని పెళ్లిళ్లు నమోదయ్యాయో చెప్పే పత్రం అది. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప మిగతావారికి విడాకుల చట్టం లేదు. ఏళ్ల తరబడి విడిగా ఉన్నా మొదటి పెళ్లి కాగితం మీద బతికే ఉంటుంది. కోర్టు దాన్ని చెల్లదని తేల్చేదాకా రెండో పెళ్లి నిలవదు. భర్త విదేశీయుడై, విదేశంలో విడాకులు పొందితే ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. అయితే ఆ విడాకులను ఫిలిప్పీన్స్ కోర్టు గుర్తించాలి. ఇదంతా తెలియక “అది ఎప్పుడో అయిపోయిన కథ” అని పాత పెళ్లి వ్రాయకుండా వదిలేస్తే, అబద్ధం చెప్పిందనే ముద్ర పడి అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోయే ప్రమాదం ఉంది.

పిల్లల విషయం మరీ సున్నితమైనది. మొదటి సంబంధం వల్ల బిడ్డ ఉంటే, ఆ బిడ్డ తల్లితోపాటు తనంతట తాను వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. పౌరుడి భార్యగా వెళ్లేటప్పుడు అలా కుదరదు. ఆ బిడ్డ కోసం సవతి తండ్రి వేరుగా మరో ఐ-130 పెట్టాలి. బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే ఈ పెళ్లి జరిగి ఉండాలి. “బిడ్డ ఉందని చెబితే సంబంధం చెడుతుందేమో” అని దాచిన తల్లి, తర్వాత ఆ బిడ్డను తెచ్చుకోవాలంటే తను వ్రాసిన అబద్ధానికే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. దళారులు “ఇది వ్రాయకు, అది వ్రాయకు” అని సలహాలిస్తారు. సంతకం మాత్రం దళారిది కాదు, అమ్మాయిది. ఆ సంగతి మరవకూడదు.

ఇక భర్త ఇచ్చే పూచీ పత్రం. ఐ-864 అంటారు. పేదరికానికి ప్రభుత్వం గీసిన గీతకు నూటికి 125 వంతుల ఆదాయం తనకుందని ఆయన చూపించాలి. సైన్యంలో పనిచేస్తూ ఉంటే నూటికి నూరు చాలు. ఆదాయం చాలకపోతే మరొకరు తోడు పూచీ పడవచ్చు. ఇది వట్టి లాంఛనం కాదు సుమా! భార్యను ఆ గీత కిందికి జారనివ్వనని అమెరికా ప్రభుత్వానికి ఆయన వ్రాసి ఇచ్చిన మాట అది. ఆమె పౌరురాలయ్యేదాకానో, దాదాపు పదేళ్ల పని ఆమె లెక్కలో చేరేదాకానో, ఆ దేశం శాశ్వతంగా వదిలి వెళ్లేదాకానో అది చెల్లుతుంది. విడాకులైనా ఆ పూచీ రద్దు కాదు. ఈ ఒక్క ముక్క ఎంతమంది ఇల్లాళ్లకు తెలుసు? పూచీ పత్రం నకలు కూడా ఆమె దగ్గర ఉండాలనేది అందుకే.

కాగితాలన్నీ నేషనల్ వీసా సెంటర్‌కు చేరి, అన్నీ ఉన్నాయనిపించుకున్నాక మనీలాలో ఇంటర్వ్యూ. దానికి ముందు వైద్య పరీక్ష. మనీలాలో సెయింట్ లూక్స్ వారి ప్రత్యేక క్లినిక్‌లో అది జరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం కనిపిస్తే కఫం పరీక్షకు పంపుతారు. ఆ ఫలితం తేలడానికి ఎనిమిది వారాలు పడుతుంది. మందు అవసరమైతే ఇంకా నెలలు. కాబట్టి వీసా చేతికి రాకముందే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, ఇల్లు ఖాళీ చేయడం, తిరిగి ఇవ్వని రకం టిక్కెట్టు కొనడం తగదు. ఒకటి గుర్తుంచుకోండి, వీసా గడువు మామూలుగా ఆ వైద్య పరీక్ష తేదీని బట్టి ఉంటుంది, ఆరు నెలలకు మించదు.

ఇంటర్వ్యూ అనగానే గుండె దడ సహజం. రోక్సాస్ బులెవార్డ్‌లోని రాయబార కార్యాలయంలో అధికారి అడిగేవి మామూలు ప్రశ్నలే. ఎలా పరిచయం, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఆయన ఏం పని చేస్తాడు, ఇంతకుముందు ఆయనకు పెళ్లయిందా? జవాబులు బట్టీ పట్టనక్కరలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెబితే చాలు. అసలు ఈ ప్రశ్నలు అధికారి అడగకముందే ఆడపిల్ల తనను తాను అడుగుకోవలసినవి. ఆయన జీతం ఎంత, ఏ ఊళ్లో, ఏ ఇంట్లో ఉంటాడు, మొదటి భార్య ఉంటే ఎందుకు విడిపోయారు?

ఇక్కడ ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చేసే పని ఒకటి చెప్పాలి. నాకు బాగా నచ్చింది. విదేశాల్లోని తమ వారి కోసం 1980లో ఆ దేశం ఒక కమిషన్ ఏర్పాటు చేసింది. కమిషన్ ఆన్ ఫిలిప్పినోస్ ఓవర్సీస్ అని దాని పేరు. విదేశీయుణ్ణి చేసుకుని వెళ్లే ప్రతి అమ్మాయీ అక్కడికి వెళ్లి సలహాదారుతో మాట్లాడాలి. వెళ్లబోయే దేశపు చట్టాలు, అక్కడి సంసారపు తీరు, భర్త చేయి చేసుకుంటే ఎవరికి చెప్పాలి – ఇవన్నీ చెబుతారు. ఆ ధ్రువపత్రం లేకపోతే చేతిలో అమెరికా వీసా ఉన్నా మనీలా విమానాశ్రయంలోనే ఆపేస్తారు. మన దేశంలో పెళ్లయి వెళ్లే అమ్మాయికి ఇలాంటి తప్పనిసరి ఏర్పాటు లేదు. లేనప్పుడు ఆ సలహాదారు పని చేయవలసింది తల్లులం మనమే కదా?

ఈ జాగ్రత్త వాళ్లకు ఊరికే రాలేదు. ఆడపిల్లల ఫోటోలు పుస్తకంగా వేసి, టపాలో విదేశీయులకు పంపి పెళ్లిళ్లు కుదిర్చే వ్యాపారాన్ని ఫిలిప్పీన్స్ 1990లోనే చట్టం చేసి నిషేధించింది. 2016లో ఆ చట్టాన్ని మార్చి ఇంటర్‌నెట్ ద్వారా జరిగే వాటికి కూడా వర్తింపజేసింది. అయినా జరగవలసిన ఘోరాలు జరిగాయి. 1995 మార్చిలో సియాటిల్ నగరంలో, అలాంటి పెళ్లి చేసుకుని వెళ్లిన ఒక ఫిలిప్పీన్స్ యువతి, భర్త నుంచి విడిపోయే కేసు నడుస్తుండగా కోర్టు భవనంలోనే అతని తుపాకికి బలైంది. ఆమెకు తోడుగా వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లూ చనిపోయారు. అప్పటికి ఆమె గర్భిణి. ఇటువంటి సంఘటనల తర్వాత అమెరికా 2005లో ఒక చట్టం తెచ్చింది. కాబోయే భర్తకు హింస, దాడి వంటి నేర చరిత్ర ఉంటే వీసా ఇచ్చేముందు అమ్మాయికి చెప్పాలి. ఆమె హక్కులు తెలిపే చిన్న పుస్తకం కూడా చేతికివ్వాలి. ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున పడేయకుండా చదవడం ముఖ్యం.

ఇప్పుడు ప్రయాణం. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లోనే వలస అధికారి ముద్ర వేస్తాడు. సామాను కూడా అక్కడే తీసుకుని, తనిఖీ అయ్యాక మళ్లీ అప్పగించాలి. కాబట్టి తర్వాతి విమానానికి మధ్య మూడు గంటలైనా ఉండేట్టు టిక్కెట్టు తీసుకోవడం మేలు. అసలు పత్రాలు చేతిసంచిలో ఉండాలి, సామానులో వేయకూడదు. మాంసపు పదార్థాలు, పచ్చి పళ్లు వద్దు. తినే వస్తువు ఏదున్నా అడిగినప్పుడు ఉందని చెప్పాలి. ముద్ర పడిన వీసాయే ఒక ఏడాది పాటు గ్రీన్ కార్డుకు బదులు పనిచేస్తుంది. దానికి కట్టవలసిన రుసుము కట్టాక అసలు కార్డు టపాలో ఇంటికి వస్తుంది. ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త చిరునామా తెలపాలి.

ఆ కార్డు రాగానే చేయవలసిన మొదటి పని, దాని మీద గడువు తేదీ చూసుకోవడం. అమెరికాలో అడుగుపెట్టేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల కార్డే ఇస్తారు. ఇది 1986 చట్టం పెట్టిన షరతు. ఆ గడువు తీరేలోపు, చివరి 90 రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే అర్జీ పెట్టాలి. పెట్టకపోతే ఆమె అక్కడ ఉండే హక్కే పోతుంది. కలిసి కాపురం చేస్తున్నట్టు రుజువులు చూపించాలి. ఇద్దరి పేరా బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, పన్ను కాగితాలు వంటివి. ఇవన్నీ భర్త పేరునే ఉంటే అప్పటికప్పుడు ఎక్కడినుంచి వస్తాయి? మొదటి నెల నుంచే ఆమె పేరూ చేర్పించుకోవాలి.

మరి ఈ రెండేళ్లలో సంసారం చెడితే? “నోరెత్తితే నిన్ను మీ దేశం పంపించేస్తాను” అని బెదిరించే భర్తలుంటారు. ఈ మాట వినేవారిలో ఎవరి కూతురైనా అక్కడ ఉంటే ఇది చెప్పండి. భార్యను దేశం నుంచి పంపించే అధికారం భర్తకు లేదు. విడాకులైనా, భర్త హింసించినా, ఆమె ఒక్కతే ఆ ఐ-751 పెట్టుకోవచ్చు, గడువు దాకా ఆగనక్కరలేదు. ఇంకా గ్రీన్ కార్డు రానివారికి కూడా దారి ఉంది. హింసకు గురైన భార్య భర్తకు తెలియకుండా తన అర్జీ తానే పెట్టుకునే వీలు 1994 చట్టం కల్పించింది. ఆయన పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా సరే. అయితే ఇవన్నీ చేయాలంటే పాస్‌పోర్టు, వివాహ పత్రం, కార్డు నకళ్లు ఆమె చేతికి అందే చోట ఉండాలి. బీరువాలో పెట్టి తాళం ఆయన దగ్గరుంటే హక్కు ఉండీ లేనట్టే.

పుట్టింటికి వెళ్లి రావడం గురించి రెండు మాటలు. గ్రీన్ కార్డు ఉన్న మనిషి ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలెదురవుతాయి. ఏడాది దాటేట్టుంటే బయల్దేరేముందే, అమెరికాలో ఉండగానే, తిరిగి ప్రవేశించే అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పురిటికనో, అమ్మ అనారోగ్యానికనో వెళ్లి అలా ఉండిపోయి చిక్కులో పడేవాళ్లుంటారు. పౌరుడి భార్య భర్తతో కలిసి ఉంటే మామూలు ఐదేళ్లకు బదులు మూడేళ్లకే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మూడేళ్లలో సగం కాలమైనా ఆ గడ్డ మీద ఉండాలి. అమెరికా పౌరురాలైన ఫిలిప్పీన్స్ స్త్రీ 2003 చట్టం కింద ప్రమాణం చేసి తన పుట్టినదేశపు పౌరసత్వం కూడా తిరిగి పొందవచ్చు. మనకు రెండు పౌరసత్వాలు లేవు. ఓ.సి.ఐ. కార్డు మాత్రం ఉంది.

మొత్తం మీద నేను చెప్పదలచుకున్నది ఇది. అర్జీ ఆయన పెట్టినా, రుసుము ఆయన కట్టినా, ఆ కాగితాలు ఆమెవి. పిల్లను పంపే తల్లి రెండు ఫైళ్లు తయారు చేయించాలి. జనన పత్రం, వివాహ పత్రం, పాస్‌పోర్టు, వీసా పేజీ, అర్జీ రసీదు, పూచీ పత్రం – ఒక కట్ట అమ్మాయి చేతిసంచిలో, ఇంకో కట్ట నకళ్లు మన ఇంట్లో. కార్డు గడువు తేదీ మన ఇంటి క్యాలెండరు మీద కూడా వ్రాసుకుందాం. ఫోన్ చేసినప్పుడు “భోజనం చేశావా?” అని ఎలాగూ అడుగుతాం. “కార్డు వచ్చిందా? నీ దగ్గరే ఉందా? తేదీ చూశావా?” అని కూడా అడుగుదాం. అల్లుడు మంచివాడైతే ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

వినిపించిన విషయాల్లో రుసుములు, ఫారాలు మారుతూ ఉంటాయి కనుక, దరఖాస్తు పెట్టే ముందు అమెరికా ప్రభుత్వం వారి అధికార ప్రకటన చూసుకోవడం మరచిపోకండి. చిక్కు కేసయితే దళారి దగ్గరికి కాక, వలస చట్టం తెలిసిన న్యాయవాది దగ్గరికి వెళ్లండి.